ఫైకస్ బోన్సాయ్: కత్తెర పట్టేముందు పెరగనివ్వండి

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఫైకస్ మీదే. రావి, మర్రి, మేడి, జువ్వి అన్నీ ఈ ప్రజాతివే అయినా, బోన్సాయ్‌కి ఎక్కువగా వాడేది ఫైకస్ మైక్రోకార్పా. 'ఫైకస్ రెటూసా' అనే పేరుతో అమ్మేది కూడా చాలావరకు ఇదే. పేరు మారింది కదా అని వేరే రకం అనుకుని రెండోది కొనకండి. కింది జవాబుల్లో రకం చెప్పకుండా ఫైకస్ అన్న చోటల్లా మైక్రోకార్పా అనే అర్థం చేసుకోండి.

ప్రశ్న: మూడేళ్ల కిందట కొమ్మ నాటి పెంచిన ఫైకస్ ఇప్పటికీ పెన్సిలంత లావే ఉంది. బోన్సాయ్ ట్రేలోనే పెట్టి, చివర్లు ఎప్పటికప్పుడు తుంచుతున్నాను. ఎరువు కూడా వేస్తున్నాను. కాండం ఎందుకు లావెక్కడం లేదు?

తుంచుతున్నారు కాబట్టే. పైన ఆకులు తయారు చేసి కిందికి పంపే ఆహారంతోనే కాండం లావెక్కుతుంది. ఆకులను పెరగనివ్వకుండా, వేర్లను రెండంగుళాల మట్టిలో బంధించి, లావెక్కమంటే ఎక్కడి నుంచి తెస్తుంది? ట్రే అనేది తయారైన చెట్టును తయారైన చోట నిలిపి ఉంచడానికి. చెట్టు అందులో తయారవదు.

దాన్ని ట్రేలోంచి తీసి నేలలో పెట్టండి. నేల లేకపోతే అడుగున, పక్కలా రంధ్రాలున్న 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ బుట్ట చాలు. బుట్టలో వేరు చివర గాలి తగలగానే ఆగిపోయి వెనక నుంచి పిల్లవేర్లు వేస్తుంది. కుండీలోలాగా గుండ్రంగా చుట్టుకోదు. నేలలో పెట్టేటప్పుడు మొక్క కింద ఒక పలక రాయో టైలో పరవండి. వేర్లు లోతుకు దిగకుండా నలువైపులా పాకుతాయి, మొదలు వెడల్పవుతుంది. ఆ తర్వాత చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఒకటిన్నర, రెండు మీటర్ల ఎత్తు దాకా ఏమీ కత్తిరించవద్దు. చాలామంది ఇక్కడే ఓపిక పట్టలేరు.

మొదలు మీరు కోరుకున్న లావు వచ్చాక కాండాన్ని నరకాలి. కింద 5 సెంటీమీటర్ల లావుంటే, మట్టి నుంచి 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో కోత పెట్టండి. వెచ్చగా ఉండి చెట్టు జోరుగా పెరిగే కాలం మొదట్లోనే ఈ పని చేయాలి. ఒకటి రెండు నెలల్లో కోత కింద గుత్తులుగా చిగుళ్లు వస్తాయి. వాటిలో ఒకదాన్ని కొత్త తలగా ఎంచుకుని, దాన్ని మళ్లీ పొడవుగా వదిలేయండి. అది కోత దగ్గరి లావులో సగానికి పైగా వచ్చాకే రెండోసారి కత్తిరించాలి. ఇలా మూడు నాలుగు విడతల్లో కింద లావు, పైకి పోనుపోను సన్నం అనే కాండం తయారవుతుంది. ఒకే విడతలో పెంచి నరికితే మొద్దు మీద పుల్ల గుచ్చినట్టు ఉంటుంది.

మొదలు త్వరగా లావెక్కాలంటే దానికి దగ్గరగా ఒక కొమ్మను కావాలనే వదిలేయండి. దాన్ని చివరికి తీసేస్తాం కాబట్టి అందచందాలు చూడక్కర్లేదు. పొడవుగా పెరిగినంతకాలం అది తన కిందనున్న కాండాన్ని మేపుతుంది. కానీ పైనున్న తలను దాటి పోనిస్తే అసలు తల బక్కచిక్కుతుంది. నెలకోసారి ఒక కన్నేసి ఉంచండి.

తొందర ఉంటే ఇంకో దారి. ఫైకస్ కొమ్మలు ఒకదానికొకటి ఆనుకుంటే అతుక్కుపోతాయి. వేర్లు వచ్చిన ఎనిమిది పది కటింగులను కట్టగా నిలబెట్టి, అంటు టేపుతో బిగించండి. ఏడాది, రెండేళ్లలో ఒకే మొదలుగా కలిసిపోతాయి. కటింగులన్నీ ఒకే తల్లిచెట్టువి కావాలి. వేరువేరు చెట్లవైతే బెరడు రంగు, ఆకు తీరు చారలుచారలుగా కనబడి గుట్టు బయటపడుతుంది. టేపు మూడు నెలలకోసారి విప్పి మళ్లీ కట్టాలి, లేకపోతే నడుం దగ్గర నొక్కుకుపోతుంది.

ప్రశ్న: 'జిన్సెంగ్ ఫైకస్' అని కొన్నాను. కింద దుంపల్లాంటి కాళ్లు, పైన చిన్న గుబురు. దీన్ని చెట్టులా కనిపించేలా మార్చవచ్చా?

మార్చవచ్చు, కానీ ముందు అదేమిటో తెలియాలి. కింది దుంపలు విత్తనం నుంచి పెంచిన మైక్రోకార్పా మొక్క వేర్లు. వాటిని భూమిలో ఊరనిచ్చి, పైకి తీసి, పైన చిన్నాకు రకాన్ని అంటుకట్టి అమ్ముతారు. అందుకే దుంప పక్క నుంచి వచ్చే చిగురుకు ఆకు వేరుగా, కాస్త పెద్దగా ఉంటుంది. ఈ తేడా వచ్చిన చెట్టును 'పాడైంది' అనుకుని ఆ చిగుళ్లను తీసేసేవాళ్లే ఎక్కువ. నిజానికి ముందుదారి ఆ చిగుళ్లే. అంటు పెట్టిన చోటు ఎన్నేళ్లు గడిచినా కాండంలో కలిసిపోదు, ముడిలా తెలుస్తూనే ఉంటుంది. దుంప నుంచి వచ్చిన కొమ్మలను మూడు నాలుగు దిక్కులకు పెరగనిచ్చి, అవి బలపడ్డాక అంటు కొమ్మలను ఒక్కొక్కటిగా తీసేస్తే చెట్టంతా ఒకే ఆకు, ఒకే బెరడు.

దుంపలను కోసి ఆకారం ఇవ్వబోకండి. వాటి మీద పెద్ద గాయాలు పూడటానికి చాలాకాలం పడుతుంది. మధ్యలో నీరు నిలిచి కుళ్లుతుంది కూడా. కాళ్లు మరీ ఎత్తుగా ఉంటే, తర్వాతిసారి కుండీ మార్చేటప్పుడు కొంత లోతుగా నాటడం మేలు.

ప్రశ్న: ఆకులు చిన్నవి కావాలని చెట్టంతా ఆకులు దూసేశాను. ఆరు వారాలయింది. కొన్ని కొమ్మలకు ఆకు వచ్చింది, కొన్ని ఎండిపోయాయి. వచ్చినవి కూడా మునుపటంత పెద్దగానే ఉన్నాయి. ఎక్కడ తప్పింది?

మూడు చోట్ల తప్పి ఉండొచ్చు.

మొదటిది, ఆకు తీసే పద్ధతి. 'దూసేశాను' అన్నారు. ఆకు కాడ కొమ్మతో కలిసే మూలలోనే తర్వాతి మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. ఆకును చేత్తో లాగితే కాడతోపాటు ఆ మొగ్గ కూడా చిరిగిపోతుంది. కత్తెరతో ఆకును మాత్రం కోసి, కాడను కొమ్మకే వదిలేయాలి. పది పదిహేను రోజుల్లో కాడలు పసుపు రంగుకు తిరిగి, తాకితేనే రాలతాయి. అప్పటికి కాడ మొదట్లో ముల్లులాంటి లేత మొగ్గ కనిపిస్తే పని సరిగ్గా జరిగినట్టు.

రెండోది, కొమ్మ చివర. ఫైకస్ కొమ్మ కొసన సూదిలా మొనదేలిన మొగ్గ ఒకటి తొడుగు కప్పుకుని ఉంటుంది. ఆకులన్నీ తీసి దాన్ని వదిలేస్తే, చెట్టు బలమంతా ఆ మొనకే పోతుంది. అది మళ్లీ పొడవాటి కొమ్మై పెద్ద ఆకులే వేస్తుంది. ఆకు తీసిన రోజే ఆ మొనను కూడా గిల్లేస్తే బలం పక్క మొగ్గలకు చీలుతుంది. పది చోట్ల చిగురొస్తే ఒక్కో చిగురుకు అందేది తక్కువ. ఆకు చిన్నదయ్యేది అందుకే. ఇక నీడలో పెట్టిన చెట్టుకు ఎన్నిసార్లు ఆకు తీసినా లాభం లేదు. చెట్టు వెలుతురును వెతుక్కుంటూ ఆకు వెడల్పు చేస్తుంది. ఆకు తీసిన వెంటనే చెట్టు పూర్తి ఎండలో ఉండాలి.

మూడోది, బలహీనమైన కొమ్మలు. మీ చెట్టులో ఎండిపోయినవి బహుశా లోపలి, కింది కొమ్మలే. పైకొమ్మలకు ఎండ ఎక్కువ, బలం ఎక్కువ, కింది వాటికి రెండూ తక్కువ. అన్నింటినీ ఒకేలా బోడి చేస్తే బలమున్నవి లేస్తాయి, లేనివి చచ్చిపోతాయి. బలహీనమైన కొమ్మ జోలికి పోకుండా, పైకొమ్మలకే ఆకు తీసి ఉంటే లోపలికి ఎండ పడి, కింది కొమ్మలు పుంజుకునేవి. ఈసారి నుంచి ఆకులు కొంతవరకే తీయండి.

ఇంకో మాట. ఆకులు లేని చెట్టు నీరు చాలా తక్కువ తాగుతుంది. పాత అలవాటుతో రోజూ నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది. పైమట్టి ఒక సెంటీమీటరు ఆరాకే పోయండి. ఎరువు ఆకు తీయడానికి ముందు నెలంతా వేసి, తీసిన రోజు ఆపి, కొత్త ఆకులు విచ్చుకున్నాక మళ్లీ మొదలుపెట్టాలి. ఇదంతా కొమ్మలు ఇప్పటికే చీలి గుబురుగా ఉన్న చెట్టుకే. ఇంకా కాండం, పెద్ద కొమ్మలు తయారవుతున్న చెట్టుకు ఆకు పెద్దగా ఉండటమే మంచిది. ఆ దశలో ఆకు తీయడమంటే చెట్టు నోటి దగ్గరి కూడు లాక్కోవడమే.

ప్రశ్న: ఫైకస్‌లోనే ఇంకో రకమైన బెంజమినా కొమ్మలను ఆకులు లేని చోటికి కత్తిరించాను. మైక్రోకార్పాలో ఇలా చేస్తే చిగురొచ్చేది. దీనికి నాలుగు కొమ్మలు పోయాయి.

రెండు రకాల స్వభావంలోనే తేడా ఉంది. మైక్రోకార్పా మోడు చెక్క నుంచి కూడా చిగురిస్తుంది. బెంజమినా చాలాసార్లు చిగురించదు. ఆకు లేని కొమ్మను వదిలేసి, దాన్ని కాండం దాకా ఎండిపోనిస్తుంది. బెంజమినాలో ఎంత వెనక్కి కత్తిరించినా ప్రతి కొమ్మకు కనీసం ఒకటి రెండు ఆకులు మిగలాలి. ఇంకా వెనక్కి రావాలంటే, మిగిలిన ఆకుల వెనక చిగురు వచ్చాక మళ్లీ కత్తిరించాలి. పోయిన నాలుగు కొమ్మలు తిరిగి రావు. పక్కనున్న పొడవాటి కొమ్మను వంచి అంటుకట్టడం ఒక్కటే మార్గం. చోటు మార్చగానే ఆకులు రాల్చేసే గుణం కూడా దీనికుంది. దాన్ని చూసి కంగారుపడి నీళ్లు ఎక్కువ పోయకండి.

ప్రశ్న: కొమ్మలు వంచడానికి లోహపు తీగ చుట్టి రెండు నెలలు ఉంచాను. తీసేసరికి కొమ్మల మీద మెలికల గాట్లు పడ్డాయి. ఇవి పోతాయా? అసలు ఎంతకాలం ఉంచాలి?

ఫైకస్ బెరడు నున్నగా, లేత బూడిద రంగులో ఉంటుంది కాబట్టి చిన్న గాటు కూడా దాగదు. లోతు తక్కువైతే ఆ కొమ్మను కొన్నాళ్లు స్వేచ్ఛగా పెరగనివ్వండి. లావెక్కేకొద్దీ చాలావరకు కలిసిపోతుంది. లోతుగా దిగినవి ఏళ్లపాటు కనిపిస్తాయి. అలాంటి కొమ్మను గాటు వెనకకు కత్తిరించి కొత్త కొమ్మ తెచ్చుకోవడమే తక్కువ సమయం తీసుకుంటుంది.

ఎంతకాలం అనే లెక్క పెట్టుకోకండి, కొమ్మను చూడండి. జోరుగా పెరిగే కాలంలో లేత కొమ్మ మీద తీగ మూడు నాలుగు వారాలకే కొరకడం మొదలుపెడుతుంది. వారానికోసారి తీగకు, బెరడుకు మధ్య గోరు దూర్చి చూడండి. గోరు దూరకపోతే అదే రోజు తీసేయాలి. లేతకొమ్మ నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో ఆ వంపులో నిలబడుతుంది. నిలబడకపోతే తీగ మార్చి, మునుపటి చోటు తప్పించి మళ్లీ చుట్టండి. గాటు మీద గాటు పడకూడదు.

అల్యూమినియం తీగ మందం కొమ్మ లావులో మూడోవంతు ఉంటే సరిపోతుంది. కొమ్మ పొడవుకు ఒకటిన్నర రెట్ల తీగ తీసుకుని, దాదాపు 45 డిగ్రీల వాలులో చుట్టాలి. దగ్గరదగ్గరగా స్ప్రింగులా చుడితే పట్టు ఉండదు, గాట్లు మాత్రం ఎక్కువ పడతాయి. పక్కపక్కన ఉన్న రెండు కొమ్మలకు ఒకే తీగ వాడి, మధ్యభాగాన్ని కాండం చుట్టూ ఒకటి రెండు మెలికలు తిప్పితే ఒకదాని బరువు ఇంకోదానికి పట్టు ఇస్తుంది. వంచేటప్పుడు బొటనవేలు వంపు లోపలి వైపు ఆనించి, మిగతా వేళ్లతో బయటివైపు తీగను పట్టుకోండి. కొమ్మ విరిగేది బయటివైపే. చిటుక్కుమని శబ్దం వచ్చి పాలు కారితే అక్కడితో ఆపి, వంచిన చోటును టేపుతో చుట్టేయండి. సగం విరిగినా ఫైకస్ చాలాసార్లు అతుక్కుంటుంది. తీసేటప్పుడు తీగను విప్పకండి. ప్రతి మెలికనూ కటింగ్ ప్లయర్‌తో ముక్కలుగా కోసి తీయండి. తీగ పొదుపు చేయబోయి కొమ్మ విరగ్గొట్టుకున్నవాళ్లు చాలామంది.

తీగ జోలికే పోకుండా కత్తెరతోనే ఆకారం తెచ్చే సంప్రదాయం ఒకటుంది. దక్షిణ చైనాలో గ్వాంగ్‌జౌ కేంద్రంగా ఎదిగిన లింగ్నాన్ శైలి అది. ఫైకస్‌కు ఇది బాగా కుదురుతుంది. కొమ్మను ఆరు నుంచి ఎనిమిది ఆకుల దాకా పెరగనిచ్చి, రెండు ఆకులకు వెనక్కి కత్తిరిస్తారు. చివరన మిగిలిన ఆకు ఏ దిక్కుకు ఉంటే కొత్త కొమ్మ ఆ దిక్కుకే వెళ్తుంది. కాబట్టి ఎడమకు తిప్పాలంటే ఎడమ ఆకు పైన కత్తిరించాలి. నాలుగైదు సార్లు ఇలా చేస్తే తీగతో రాని సహజమైన విరుపులు వస్తాయి. నిదానమైన పద్ధతే, కానీ గాట్ల బాధ లేదు. గాట్లకు భయపడేవారికి మేము ముందు చెప్పేది ఇదే.

ప్రశ్న: మర్రిచెట్టులా ఊడలు దిగాలని కోరిక. రోజూ కాండం మీద నీళ్లు చల్లుతున్నా ఒక్కటీ రాలేదు.

చల్లిన నీరు పది నిమిషాల్లో ఆరిపోతుంది. ఊడకు కావాల్సింది ఆరకుండా ఎప్పుడూ ఉండే తేమగాలి. గాలిలో తేమ 80 శాతానికి పైన నిలిచి ఉండాలి, వెచ్చదనం ఉండాలి, చెట్టు జోరుగా పెరుగుతుండాలి. చెట్టును పారదర్శకమైన ప్లాస్టిక్ గుడారంలోనో, ఖాళీ చేపల తొట్టెలోనో ఉంచి, అడుగున తడి గులకరాళ్లు పరిచి, నేరుగా ఎండ పడని వెలుతురులో పెట్టండి. ఎండలో మూసిన గుడారం పొయ్యి అవుతుంది. ఆకులు ఎక్కువ ఉన్న కొమ్మకే ఊడ వస్తుంది కాబట్టి ఈ కాలంలో ఆ కొమ్మను కత్తిరించవద్దు. కొన్ని వారాల్లో కొమ్మ అడుగున తెల్లటి బుడిపెలు, వాటి నుంచి లేత గులాబీ రంగు కొసలు వస్తాయి.

అసలు సమస్య ఇక్కడ మొదలవుతుంది. బయటికి తీయగానే ఆ కొస ఆరి నల్లబడి ఆగిపోతుంది. అందుకే కొస ఇంకా లేతగా ఉండగానే గొట్టంలోకి దించాలి. లావుపాటి స్ట్రాను పొడవునా ఒక వైపు చీల్చండి. ఊడను లోపలికి తీసుకుని స్ట్రాను మూసేయండి. పై అంచు కొమ్మకు తగిలేలా, కింది కొన మట్టిలో 2 సెంటీమీటర్లు దిగేలా నిలబెట్టండి. రెండు మూడు చోట్ల దారంతో కట్టండి. తడిపి పిండిన స్ఫాగ్నం నాచును పైనుంచి టూత్‌పిక్‌తో వదులుగా దించండి, కుక్కకండి. రోజూ స్ట్రా నోట్లో కొన్ని చుక్కల నీరు వేస్తే చాలు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వేరు కుండీ మట్టిని చేరుతుంది. మెల్లగా లాగితే కదలకపోతే పట్టుకున్నట్టే. అయినా ఇంకో నెల ఆగి స్ట్రా తీయండి.

నేల తాకిన ఊడ ఆ తర్వాత బిగుసుకుని నిటారుగా అవుతుంది. చెక్కలో లాగుడు గుణం ఉన్న నారలు ఏర్పడటం వల్ల ఇలా జరుగుతుంది. వంకర ఊడను తర్వాత సరిచేద్దాం, ఎడంగా జరుపుదాం అనుకుంటే కుదరదు. ఎక్కడ దిగాలో ముందే నిర్ణయించుకుని స్ట్రా నిలబెట్టండి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఊడ ఉన్న కొమ్మకు సొంతంగా నీరు అందుతుంది కాబట్టి, కాండానికీ ఊడకూ మధ్యనున్న ముక్క కన్నా అవతలి భాగం లావెక్కుతుంది. ఆ అవతలి భాగాన్ని తరచుగా కత్తిరిస్తూ అదుపులో ఉంచాలి.

వచ్చినవన్నీ ఉంచుకోవద్దు. ఒక చెట్టుకు మూడు నుంచి ఐదు మంచి ఊడలు చాలు. ముందువైపు కాండాన్ని అడ్డంగా దాటే ఊడ ఎంత లావైనా తీసేయాల్సిందే. అన్నీ ఉంచితే చెట్టు బోనులో పెట్టినట్టుంటుంది. ఇటలీలో మిలాన్ దగ్గరున్న క్రెస్పీ బోన్సాయ్ మ్యూజియంలో, వెయ్యేళ్లదని వారు చెప్పే ఒక పెద్ద ఫైకస్ ఉంది. దాని ఫొటో చూడండి. మొదలు దగ్గర వేర్లు, ఊడలు కలిసిపోయి ఒకే గోడలా ఉంటాయి. విడివిడిగా ఊడలు వేలాడితేనే అందం అనుకునేవారు ఇది గమనించాలి. మొదలుకు ఆనుకుని దిగిన ఊడ కాండంలో కలిసిపోయి దాన్నే లావు చేస్తుంది.

ప్రశ్న: ఆకులు మధ్య ఈనె దగ్గర మడత పడి, ఊదా మచ్చలు వస్తున్నాయి. విప్పితే లోపల సన్నటి నల్లపురుగులు. వేపనూనె రెండుసార్లు కొట్టినా పోలేదు.

ఇవి ఫైకస్ తామర పురుగులు. మడతలోపల కూర్చున్న పురుగుకు పైన కొట్టిన మందు తగలదు, అందుకే పోలేదు. మడతపడ్డ ఆకులన్నీ తుంచి, సంచిలో మూసి పారేయండి. కంపోస్టులో వేయకండి. ఆ తర్వాత వచ్చే లేత ఆకులు మడత పడకముందే, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల ద్రవసబ్బు కలిపి, సాయంత్రంపూట వారానికోసారి నాలుగు వారాలు కొట్టండి. చెట్టు బలంగా ఉండి, కాలం అనుకూలిస్తే మొత్తం ఆకులు కోసేయడమే అన్నింటికన్నా త్వరగా తేలే వైద్యం.

ప్రశ్న: వేర్లన్నీ ఒకవైపే ఉన్నాయి. రెండో వైపు మొదలు బోడిగా ఉంది. కుండీ మార్చేటప్పుడు ఏమైనా చేయవచ్చా?

ఒకటి రెండు వేర్లే తక్కువైతే అంటు కట్టవచ్చు. మొత్తం మొదలే బాగోలేకపోతే నేల అంటు వేసి కొత్త వేర్లు తెప్పించుకోవడం మేలు.

వేరు అంటుకు 3 నుంచి 5 మిల్లీమీటర్ల లావున్న చిన్న మొక్కను అదే చెట్టు కటింగు నుంచి తయారు చేసుకోండి. బోడిగా ఉన్న చోట మట్టిమట్టానికి బెరడును చెక్క దాకా గాడిలా కోసి, మొక్క ఒక పక్కను కూడా అంతే పొడవున చెక్కండి. రెండు పచ్చి అంచులు కనీసం ఒక వైపైనా కలిసేలా ఒత్తిపెట్టి, చిన్న మేకుతో బిగించి, కట్ పేస్ట్ (కోతను మూసే లేపనం) పూయండి. ఒక పెరుగుదల కాలం గడిచాక, చిన్నమొక్క తల అతుకు పైభాగాన కోసేస్తే కింద వేర్లు పెద్దచెట్టువి అవుతాయి. పాలు కారి గాడిలో ఎండితే అతుకు పడదు. కోయగానే తడి గుడ్డతో తుడిచి, పాలు ఆగాకే కలపండి. ఆ పాలు కళ్లకు, చర్మానికి మంట పెడతాయి, చేతికి తొడుగు వేసుకోండి.

నేల అంటులో కొత్త వేర్లు కావలసిన ఎత్తులో కాండం చుట్టూ బెరడును ఉంగరంలా తీయాలి. ఉంగరం వెడల్పు కాండం లావుకు తగ్గకూడదు. బెరడు తీశాక కనిపించే జిగట పొరను తెల్లటి చెక్క తేలేదాకా గీకండి. అలా గీకకపోవడమే ఎక్కువమంది చేసే తప్పు. ఫైకస్ ఆ కాస్త పొరతోనే వంతెన కట్టుకుని బెరడు పూడ్చేస్తుంది, వేరు మాత్రం వేయదు. ఉంగరం పై అంచుకు వేర్లు రప్పించే హార్మోన్ పొడి అద్ది, చుట్టూ ప్లాస్టిక్ కుండీ ముక్కను దడిలా పెట్టి, తడి నాచు, ముతక ఇసుకతో నింపండి. నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో పై అంచు నుంచి చుట్టూతా వేర్లు వస్తాయి. అవి ముదిరి గోధుమరంగుకు వచ్చి పిల్లవేర్లు వేశాకే కింది పాత భాగాన్ని రంపంతో కోయండి.

కుండీ మార్చే పనికి వస్తే, రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి పోని కాలంలో చేయండి. మట్టిలో 2 నుంచి 5 మిల్లీమీటర్ల ఇటుక ముక్కలు రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, జల్లించిన కంపోస్టు ఒక పాలు కలపండి. 2 మిల్లీమీటర్ల కన్నా చిన్న పొడి అంతా జల్లెడ పట్టి తీసేయాలి. ఆ పొడే అడుగుకు చేరి బురద కట్టి వేర్లకు ఊపిరాడనివ్వదు. మూడోవంతు వేర్లు కత్తిరించవచ్చు, లావుగా కిందికి దిగేవి ముందు తీసేయండి. నాటాక చెట్టును కుండీ రంధ్రాలగుండా తీగతో కట్టండి. ఊగే చెట్టుకు కొత్తవేరు తెగిపోతూనే ఉంటుంది. పది, పదిహేను రోజులు నీడపట్టున ఉంచి, నెల దాకా ఎరువు వేయకండి. ఆకు తీయడానికి, వేరు కోయడానికి మధ్య కనీసం ఆరు వారాల ఎడం ఉండాలి. రెండూ ఒకేరోజు చేసినా బతికిన ఫైకస్‌లు ఉన్నాయి. బతకనివీ ఉన్నాయి.

ప్రశ్న: జూనిపర్ అనే సూదాకు చెట్లలో చేసినట్టు ఫైకస్‌లో ఎండుచెక్క అందాలు చెక్కవచ్చా?

చెక్కినా నిలవదు. జూనిపర్ చెక్కలో బంక ఉంది, ఏళ్లు నిలుస్తుంది. ఫైకస్ చెక్క మెత్తన, తడికి కుళ్లిపోతుంది. గాయం పూడ్చుకోవడమే ఫైకస్ బలం, దాన్నే వాడుకోండి.

ప్రశ్న: రావిచెట్టును గోడ పగులులోంచి తీసుకొచ్చి నాటాను. కాండం బాగుంది కానీ ఆకులు అరచేయంత. మైక్రోకార్పాలా గుబురుగా తయారవుతుందా?

అవదు. రావి ఆకుకు పొడవాటి కాడ, కణుపుల మధ్య ఎడం ఎక్కువ, కొమ్మలు సన్నగా చీలవు. ఆకు తీస్తే చిన్నదవుతుంది కానీ మైక్రోకార్పా ఆకుతో పోల్చలేం. గుబురు కోసం ప్రయత్నించకుండా, దాని మొదలు, రాయిని పట్టుకున్న వేర్ల తీరు చూపించేలా పెంచండి. 60 సెంటీమీటర్లకు తగ్గని ఎత్తు పెట్టుకుంటే ఆకు చెట్టుతో పొంతన కుదురుతుంది. కొమ్మలు కొద్దిగానే ఉంచండి, ఒక్కో ఆకూ విడిగా కనిపించేలా. గోడ నుంచి తీసినప్పుడు వేర్లు తెగి ఉంటాయి కాబట్టి మొదటి ఏడాది తీగ, ఆకు తీయడం రెండూ వద్దు. కొత్త కొమ్మలు మోచేతి పొడవు పెరిగాక మొదటి కోత పెట్టండి.